కొసరు

గురువారాలు నా పని ధరలు అంటించడం.
గ్రిమ్స్‌బీలో, చేపల వాసన వదలని వీధి చివర,
ఎవరెవరి ఇళ్ళలోంచో వచ్చిన సంచులు విప్పి
నవలకి పౌండు, పాటల సీడీకి అర పౌండు,
మూడు తీసుకుంటే కలిపి ఒకటే పౌండు.
టక్, టక్, చేతిలో స్టిక్కర్ల తుపాకి.

డోరీన్‌ది ప్రతి వారం ఒకటే గొడవ:
"కంటికి కనబడని పుస్తకానికి తొమ్మిది పౌండ్లేమిటి?
కాగితం లేదు, జిగురు లేదు, లారీ లేదు,
వానలో పెట్టెలు దింపే కుర్రాడి నడుంనొప్పి లేదు."
రాసినవాడి కష్టం అంతే ఉంది కదా, అంటాను.
"ఉంది. ఆ డబ్బు వాడికే వెళ్తోందా మరి?"
దానికి నా దగ్గర స్టిక్కరు లేదు.

అక్టోబరులో మార్లీన్ వచ్చింది.
మనవడు కాలమ్ పదో పుట్టినరోజుకి
ఆట డిస్కు ఒకటి, మూడున్నర పౌండ్లు,
చిల్లరంతా బల్ల మీద పరిచి
ఆఖరి ఇరవై పెన్నీలు కోటు అస్తరులోంచి తీసి.

తర్వాతి గురువారం, బడి వదిలాక, ఇద్దరూ వచ్చారు.
వాడి మిషన్‌కి డిస్కు మింగే నోరే లేదట.
"అంతా తడిమాను," అంది మార్లీన్,
"వెనకాల, అడుగున, పక్కల.
సబ్బుబిళ్ళలా నున్నగా ఉంది."
అదే ఆట, మిషన్ లోపలి దుకాణంలో, యాభై అయిదు.
అదే కోట, అదే డ్రాగన్, అవే తలుపులు.
నేను లెక్కల్లో మరీ మొద్దుని కాను,
అయినా ఈ తీసివేత నాకు పట్టుబడలేదు.
ఒక్కోటీ తీసేస్తూ పోతే
పెరుగుతూ పోయే అంకె.

మా సాలమ్మ బీరకాయలు తూచి, తక్కెడ దించాక
రెండు పచ్చిమిరపకాయలు, ఓ కరివేపాకు రెబ్బ
సంచిలోకి విసిరేది.
అడగకపోయినా వేసేది. అడిగితే తిట్టి వేసేది.
గాలిలోంచి దిగే సరుక్కి తక్కెడే లేదు,
కొసరు ఎందులో వేస్తారు?
పోయినేడు నేను కొన్న పుస్తకమొకటి
రాత్రికి రాత్రి తెర మీంచి లేచిపోయింది.
"కొన్నాను కదా" అని రాస్తే
"చదువుకోనిచ్చాం" అని మర్యాదగా జవాబు.

డబ్బు తిరిగివ్వకూడదు, వస్తువు మార్చివ్వచ్చు.
అది మా రూలు.
బొమ్మ లారీ చూపించాను, కొత్తదిలాంటి బంతి చూపించాను.
కాలమ్ డబ్బా వదల్లేదు.
లోపల నాలుగు మడతల కాగితం,
పెన్సిల్‌తో గీసిన కోట పటం,
కింద కీరన్ అని సంతకం, తేదీ లేదు.
ఇక్కడ ఎడమకి తిరిగావో, చచ్చావే.
మూడో తలుపు వెనక తాళంచెవి.
డారెన్‌గాడికి చెప్పొద్దు.

"ఇది కూడా నాదేనా?"
కొసరుకి ఇంగ్లీషు మాట వెతికాను.
నాలిక చివరికి ఏదీ రాలేదు.
"నీదే," అన్నాను.

క్రిస్మస్ వెళ్ళాక, ధర సగానికి పడ్డ వారం
మార్లీన్ ఆ గాలి ఆట కొనిపెట్టింది.
ఇవాళ వాడొచ్చాడు.
జేబులో పటం, మడతల దగ్గర చిరుగు పట్టి.
"మూడో తలుపు లేదు," అన్నాడు.
"అప్‌డేట్‌లో తీసేశారు. అక్కడ గోడుంది."
డోరీన్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి అడిగింది,
"మరి తాళంచెవి?"

వాడు బడి సంచిలోంచి డబ్బా తీశాడు,
డిస్కుని ట్యూబులైటుకి పట్టి అటూ ఇటూ వంచాడు.
దాని మీద రంగులు కదిలాయి.
"ఇందులో ఉంది. ఇంకా."

డబ్బా మీద నా స్టిక్కరు,
మూడు పోయి అర మిగిలేలా
ఎవరో గోటితో గీకారు.